నాలుగడుగుల సముద్రం

ఆవిడ ఇరవై తొమ్మిదేళ్లు ఒక హైస్కూలు సైన్సు ల్యాబులో అటెండరుగా పనిచేసింది. పిల్లలు, టీచర్లు, గేటు దగ్గరి వాచ్‌మన్, అందరూ ఆవిడని ల్యాబక్క అనేవారు. ఆ పిలుపు ఎంతగా అంటుకుపోయిందంటే, ఒకరోజు కట్టుకున్న మొగుడే "ల్యాబక్కా, నా కళ్లజోడు చూశావా?" అనేసి, నాలిక్కరుచుకుని, రెండు రోజులు ఆవిడ ముఖం చూడలేకపోయాడు.

పరీక్షనాళికలు కడగడం, ద్రావణాలు తూకం ప్రకారం కలపడం, సీసాలకు చీటీలంటించడం, బల్లలు తుడవడం ఆవిడ పని. టీచరు వచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉండేవి. ప్రయోగం కుదిరితే టీచరు బాగా చెప్పినట్టు. కుదరకపోతే మాత్రం, "ల్యాబక్కా, ఏం కలిపావిందులో?" అని పిల్లల ముందే కేక.

ఆ ల్యాబులో గాజు తలుపుల బీరువా ఒకటుండేది. అందులో తెల్లటి పగడపు కొమ్మ. దాని కొనల మధ్య దుమ్ము పేరుకోకుండా ఆవిడ చిన్న కుంచెతో తుడిచేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి, "సార్, ఇది సముద్రంలో ఉన్నప్పుడు కూడా తెల్లగానే ఉంటుందా?" అని అడిగింది.

"నీకెందుకది? తుడువు చాలు," అన్నాడాయన.

ఆవిడ తుడిచింది. మళ్లీ అడగలేదు.

రిటైరైన నెలకి పన్ను నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్లింది. అక్కడ కూర్చునే గదిలో గోడ పొడుగునా ఒక గాజు తొట్టి ఉంది. అందులో ఉప్పునీళ్లు. రాళ్ల మీద ఆకుపచ్చవి, వంకాయ రంగువి, పండు మిరపకాయ రంగువి ఏవో పూలలా విచ్చుకుని, నీటి వాలుకు ఊగుతున్నాయి. "ఇవేం మొక్కలమ్మా?" అని నర్సుని అడిగింది.

"మొక్కలు కాదండి, పగడాలు. ప్రాణమున్నవి."

ల్యాబక్క అలాగే నిలబడిపోయింది. అంటే ఇన్నాళ్లూ తను కుంచెతో తుడిచింది బొమికనన్నమాట. లోపలినుంచి తన పేరు మూడుసార్లు పిలిచారు. మూడోసారి నర్సు వచ్చి భుజం తట్టింది. పన్ను పీకించుకుని, దవడకు దూది పెట్టుకుని ఇంటికొచ్చింది. మర్నాడు మాట వచ్చాక మొగుడితో మొదట అన్న మాట ఇది:

"హాల్లో ఆ గోడవారగా ఉప్పునీళ్ల తొట్టి పెడుతున్నా. నాలుగడుగులది. పగడాలు పెంచుతా."

ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పేపరు మడిచి పక్కన పెట్టాడు. "అక్కడ నా కుర్చీ ఉందిగా."

"కుర్చీకి కాళ్లున్నాయి. జరుగుతుంది."

"సముద్రం చూడాలనుంటే బస్సెక్కి వెళ్లొద్దాం పద. ఇంట్లోకి తెచ్చుకోవడం ఏంటే?"

"బస్సెక్కితే చూసి రావడమే అవుతుంది. నేను పెంచుతానంటున్నా."

ఆయన పేపరు మళ్లీ విప్పాడు.

ల్యాబక్క ముందు లెక్కలు రాసుకునే నోటుపుస్తకం తీసింది. ల్యాబు అలవాటు ఎక్కడికి పోతుంది? తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే దగ్గర దగ్గర రెండువందల నలభై లీటర్ల నీళ్లు. వాటి బరువు, గాజు బరువు, రాళ్ల బరువు, కింద స్టాండు, స్టాండు లోపల నీటిని వడకట్టే ఇంకో చిన్న తొట్టి, అన్నీ కూడితే నాలుగువందల కిలోలు దాటింది. ఆ అంకె కింద రెండు గీతలు గీసింది. తమది రెండో అంతస్తు. కింద ఫ్లాటులో ఉండేది అపార్టుమెంటు ప్రెసిడెంటు.

తొట్టి కన్నా ముందు స్టాండు కావాలి. వీధి చివర దుకాణంలో ఉండే వడ్రంగిని పిలిచింది. ఆయన గోడ కొలిచి, చెవి మీద పెన్సిలు సర్దుకుని, "టీవీ స్టాండు లాంటిదేగా. ప్లైవుడ్డుతో డబ్బా చేసి, మూలల్లో మరలు బిగించి, పైన సన్‌మైకా వేసేస్తా. చూడ్డానికి పెళ్లికూతురిలా ఉంటుంది," అన్నాడు.

"పెళ్లికూతురు వద్దు. మోసేవాడు కావాలి," అంది ల్యాబక్క. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. "పై చట్రం సరాసరి కాళ్ల నెత్తి మీద కూర్చోవాలి. బరువు చెక్క మీదినుంచి చెక్క మీదికి దిగి నేలకి పోవాలి. మర మీద పడకూడదు. మర జారకుండా పట్టుకోవడానికేగానీ మొయ్యడానికి కాదు."

"నలభై ఏళ్లనుంచి చేస్తున్నానమ్మా ఈ పని."

"నేను ఇరవై తొమ్మిదేళ్లు వేరే పని చేశా. మీ చెయ్యీ నా లెక్కా కలిస్తే మంచి స్టాండు వస్తుంది. లేదంటే చెప్పండి, ఇంకొకరిని చూసుకుంటా."

వడ్రంగి ముఖం గంటు పెట్టుకున్నాడు. కాగితం మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడోనాడు నాలుగంగుళాల మందం దుంగలు మెట్లెక్కడం ప్రెసిడెంటు కళ్లబడింది. ఆయన పెద్ద ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చుని రిటైరైనవాడు. కుర్చీ పోయినా నోటీసు రాసే చెయ్యి ఊరుకోదు. మెట్ల కింద బోర్డు మీద ఎప్పుడూ ఆయన సంతకంతో ఏదో ఒకటి వేలాడుతుండేది. ఆ సాయంత్రానికి కొత్త నోటీసు అంటించాడు: "రెండవ అంతస్తు కుడివైపు ఫ్లాటువారు భవనమునకు ప్రమాదకరమగు బరువును ఉంచ ప్రయత్నించుచున్నారు. తక్షణమే విరమించవలెను."

మొగుడు అది చదివొచ్చి కూలబడ్డాడు. "వదిలెయ్యవే. వచ్చేపోయే దారిలో రోజూ ఆయన ముఖమే చూడాలి. రెండు గోల్డ్‌ఫిష్‌లు సీసాలో వేసి పెట్టుకుందాం."

"నేను సీసాలు చాలా కడిగా," అంది ల్యాబక్క.

మర్నాడు పొద్దున్నే చెప్పులేసుకుని బయల్దేరింది. ఒకప్పుడు తన ల్యాబులోనే బీకరు పగలగొట్టి ఏడ్చిన పిల్ల ఇప్పుడు ఇళ్లకి ప్లాన్లు గీసే ఇంజనీరు. ఆ అమ్మాయిని వెంటబెట్టుకొచ్చింది. ఇంజనీరమ్మ గోడంతా పిడికిలితో కొట్టి చూసి, భవనం పాత ప్లాను తిరగేసి, "అక్కా, మీరు పెడతానన్న గోడ కింద సరిగ్గా దూలం పోతోంది. ఇంతకు రెండింతలైనా మోస్తుంది. గది మధ్యలో మాత్రం పెట్టకండి," అని, ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టిచ్చింది.

ఆదివారం కార్లు పెట్టే చోట అందరూ సమావేశమయ్యారు. ప్రెసిడెంటు ఆ కాగితాన్ని కళ్లజోడు పైనుంచి చూసి పక్కన పెట్టేశాడు. "కాగితాలు ఎవరైనా రాస్తారు. నాలుగువందల కిలోలమ్మా! రేపు నా నెత్తిన పడితే?"

ల్యాబక్క లేచి నిలబడింది. ఆ మనుషుల ముందు ఆవిడ గొంతు విప్పడం అదే మొదలు.

"ప్రెసిడెంటుగారూ, పోయిన నెల మా పక్కింటివాళ్లు పాప పుట్టినరోజు చేశారు. రెండో అంతస్తులోనే. వాళ్ల హాల్లో ఎంతమందిమి నిలబడ్డాం?"

"యాభై అరవైమందిమి ఉంటాం. దానికీ దీనికీ ఏంటమ్మా సంబంధం?"

"మనిషికి అరవై కిలోలు వేసుకోండి. మూడువేల పైచిలుకు. అందులో సగంమంది పాట పెట్టగానే గెంతారు కూడా. మీరూ గెంతారు. నా తొట్టి గెంతదండి. కదలకుండా ఓ మూల కూర్చుంటుంది."

వెనకవరసలో ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో అందరికీ నవ్వాగలేదు. ప్రెసిడెంటు ఎర్రబడ్డాడు. "సరే, బరువు సంగతి అలా ఉంచండి. ఈ వయసులో మీకిదంతా అవసరమా అని అడుగుతున్నా."

"అవసరం లేదండి," అంది ల్యాబక్క. "కావాలి."

స్టాండు వారంలో తయారైంది. వడ్రంగి కోపం చెక్క మీద చూపించలేదు. కాళ్లు, చట్రం ఎక్కడా సందు లేకుండా కూర్చున్నాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టని స్టీలు మరలు, లోపలా బయటా మూడు పూతల వార్నిషు. "ఎక్కి చూసుకోండి," అన్నాడు గర్వంగా. ల్యాబక్క ఎక్కింది. మొగుణ్ణీ ఎక్కమంది. ఆయన ఒక చేత్తో గోడ పట్టుకుని ఎక్కి, "రిటైరయ్యాక ఫుట్‌బోర్డు మీద నిలబడతాననుకోలేదు," అన్నాడు. స్టాండు కిర్రుమనలేదు.

కానీ ల్యాబక్క అక్కడితో ఊరుకోలేదు. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి, ఒక కొస ఈ మూల, ఇంకో కొస ఆ మూల పట్టి చూసింది. నీళ్లు అబద్ధం ఆడవు. ఎడమవైపు వేలెడు లేదుగానీ, గోరెడు పల్లముంది.

"అది నా స్టాండు తప్పు కాదు, మీ నేల తప్పు," అన్నాడు వడ్రంగి.

"నేల నేను పరవలేదు. స్టాండు మీరు చేశారు. నేలకి తగ్గట్టు కాళ్లు సరిచెయ్యండి. ఇవాళ గోరెడు వంకరుంటే రేపు నీళ్ల బరువంతా ఓ గాజు మీదే తోసుకుంటుంది."

ఆయన గొణుక్కుంటూ కుడివైపు కాళ్లు చిత్రిక పట్టాడు. నాలుగుసార్లు చూశారు, నాలుగుసార్లు పట్టాడు. ఐదోసారి రెండు కొసల్లో నీళ్లు ఒకే గీత మీద నిలబడ్డాయి. వడ్రంగి వంగి, ఒక కన్ను మూసి చూసి, "అబ్బ, కుదిరిందమ్మా!" అన్నాడు.

స్టాండు మీద మెత్తటి షీటు పరిచి, దాని మీద తొట్టి దించారు. ముందు మామూలు నీళ్లు నింపి మూడు రోజులుంచారు. అంచుల వెంట పొడి కాగితం పెట్టి రోజూ తడిమి చూసింది. ఎక్కడా చెమ్మ లేదు. ఆ నీళ్లు తోడేసి అసలు పని మొదలుపెట్టింది. శుద్ధి చేసిన నీళ్లు డ్రమ్ముకి పట్టి, లీటరుకు ముప్పై అయిదు గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు తూచి, కొంచెం కొంచెంగా నీళ్లలో వేస్తూ, మోటారుతో ఒక రోజంతా తిప్పింది. కొలిచే పరికరం ఒకటి కొనుక్కుంది. చిన్న దుర్భిణి గొట్టంలా ఉంటుంది. దాని మీద ఒక చుక్క వేసి వెలుతురుకేసి చూస్తే నీళ్లలో ఉప్పెంతుందో గీత చూపిస్తుంది. గీత ముప్పై అయిదు దగ్గర ఆగింది. ఈసారి కలిపింది తనే, చూసింది తనే. పుస్తకంలో రాసి, కింద తన సంతకం పెట్టుకుంది.

తర్వాత సముద్రపు రాళ్లు వచ్చాయి. వాటిని మెట్లు మెట్లుగా పేర్చింది. ఇక ఆరువారాలు ఏమీ వెయ్యకూడదు. రాళ్లలో కంటికి కనబడని సూక్ష్మజీవులు పెరగాలి. నీళ్లలో విషం పుట్టాలి, విరగాలి. అప్పుడే చేప బతుకుతుంది. రాళ్లు అమ్మిన దుకాణంవాడు, "ఏం కాదమ్మా, రేపే పట్టుకెళ్లండి. చేపలు, పగడాలు అన్నీ కలిపి ఇస్తా," అని వెంటపడ్డాడు. "ఇప్పుడు వేస్తే వాటిని చంపడానికి ఆ నీళ్లే చాలు," అని వచ్చేసింది.

చూడవచ్చినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. "చేపలేవీ?"

"వస్తాయి."

"నీళ్లు చూడ్డానికా ఇంత ఆర్భాటం?"

"అవును, ఈ నెల నీళ్లే. కూర్చోండి, చూడండి."

రెండురోజులకొకసారి గాజు సీసాలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసేది. ఆకుపచ్చ అంటే ఆ విషం, అమోనియా, ఉన్నట్టు, పసుపు అంటే లేనట్టు. ముదురాకుపచ్చ నుంచి లేతాకుపచ్చ, దాన్నుంచి నిమ్మపండు రంగు. అయిదోవారం ఒక మధ్యాహ్నం ఆవిడ వంటింట్లో ఉండగా హాల్లోంచి కేక. "ఏమేవ్, రాయి కదిలిందే!"

పరుగెత్తుకొచ్చి చూస్తే, రాతి సందులోంచి వెంట్రుక లాంటి చెయ్యొకటి బయటికొచ్చి తడుముకుంటోంది. బుల్లి నక్షత్రచేప. ఎవరూ కొనలేదు, ఎవరూ పెట్టలేదు. రాతితోపాటే వచ్చి ఇన్నాళ్లూ దాక్కుంది. ఆ రోజునుంచి మొగుడు తన కుర్చీని తొట్టి ముందుకి తెచ్చుకున్నాడు.

ఆరువారాలు దాటాక ముందు నత్తలు వచ్చాయి. తర్వాత నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న జంట చేపలు. ఆ పైన మొదటి పగడం, కాసు బిళ్లంత ముక్క. మూడు రోజులు ముడుచుకునే ఉంది. నాలుగోనాడు విచ్చుకుంది. మధ్యలో ఆకుపచ్చ, చుట్టూ వంకాయ రంగు. ల్యాబక్క దాని ముందు కూర్చుని కాఫీ చల్లారబెట్టేసుకుంది.

సరిగ్గా అప్పుడే కింద ప్రెసిడెంటు హాలు పైకప్పు మీద పళ్లెమంత తడి మచ్చ తేలింది. రెండోరోజుకి చుక్కలు రాలసాగాయి. ఆయన మెట్లు దడదడా ఎక్కొచ్చి తలుపు బాదాడు. వెనకాల అయిదారుగురు.

"చెప్పానా? ముందే చెప్పానా? ఈ సాయంత్రానికల్లా ఆ తొట్టి ఖాళీ అవ్వాలి. లేదంటే మనుషుల్ని పెట్టి తీయిస్తా!"

మొగుడు బెదిరిపోయి పెళ్లాం వైపు చూశాడు. ఆవిడకీ భయమేసింది. నిజంగానే కారుతుంటే? వెళ్లి స్టాండు తలుపులు తీసి, చేత్తో నాలుగు మూలలూ తడిమింది. వేళ్లు పొడిగా ఉన్నాయి. అంతే, భయం దిగిపోయి దాని చోట ఇంకోటి లేచింది.

"పదండి, మీ చుక్క చూద్దాం," అంది. గిన్నె, కొలిచే పరికరం, చిన్న సీసాలో తొట్టి నీళ్లు, రెండు నల్ల కుండపెంకులు చేతబట్టుకుని కిందికి దిగింది.

ప్రెసిడెంటు హాల్లో మచ్చ కింద గిన్నె పెట్టి, పది చుక్కలు పట్టింది. ఒక చుక్క పరికరం మీద వేసి, కిటికీకేసి పెట్టి, ఆయన చేతికే ఇచ్చింది. "మీరే చూడండి. గీత ఎక్కడుంది?"

"సున్నా దగ్గర," అన్నాడాయన అయిష్టంగా.

"ఇది నా తొట్టి నీళ్లు. ఇప్పుడు?"

"ముప్పై అయిదు."

"నా తొట్టి కారితే మీ నెత్తిన ఉప్పునీళ్లు పడాలి. ఇవి మంచినీళ్లు."

"ఆ గొట్టం నీదేగా! అది ఏం చూపిస్తే అది నమ్మాలా?"

"నమ్మకండి." వంటగదిలోకి నడిచి, పొయ్యి మీద రెండు పెంకులూ పక్కపక్కన పెట్టి, ఒకదాని మీద పైకప్పు నీళ్లు, ఇంకోదాని మీద తొట్టి నీళ్లు రెండేసి చుక్కలు వేసింది. అందరూ పొయ్యి చుట్టూ మూగారు. నీళ్లు చుయ్యిమని ఎగిరిపోయాయి. ఒక పెంకు మీద సన్నటి మరక తప్ప ఏమీ మిగల్లేదు. రెండోదాని మీద తెల్లగా ఉప్పు కట్టింది. ఆ ఉప్పుని వేలితో గీసి చూపించింది. "దీన్ని కూడా నా గొట్టమే పుట్టించిందంటారా?"

ప్లంబరుకి కబురు వెళ్లింది. అతను వచ్చి, మచ్చ చూసి, మెట్ల పక్క గోడ దగ్గర చెవి పెట్టి, సుత్తితో నాలుగు పెచ్చులు ఊడగొట్టాడు. లోపల ఒక పైపు, దాని కీలు దగ్గర చీలిక.

"ఈ పైపు ఏ ఫ్లాటుది?" అని అడిగారు ఎవరో.

ప్లంబరు వింతగా చూశాడు. "సారుదేగా. పైన ట్యాంకు నుంచి సారు వంటింటికి విడిగా లైను లాగమంటే అయిదేళ్ల కింద నేనే వేశాను. అప్పుడు ఎవరికీ చెప్పొద్దన్నారు కూడా."

మెట్ల మీద మూడు అంతస్తులవాళ్లూ నిలబడి ఉన్నారు. వేసవిలో తమ కుళాయిలు ఎందుకు సన్నగిల్లాయో అందరికీ ఒక్కసారే అర్థమైంది. ప్రెసిడెంటు ఏదో అనబోయి, కండువా దులుపుకుని, "సరే సరే, బాగుచేయించుకుంటాను. అయిపోయిందిగా, వెళ్లండి," అన్నాడు.

"అవ్వలేదండి," అంది ల్యాబక్క. "బోర్డు మీద నా మీద నోటీసుంది. మూడు నెలలనుంచి వచ్చేపోయేవాళ్లంతా చదువుతున్నారు."

"చింపేస్తాలే."

"చింపితే చాలదు. అది తప్పని రాసి, సంతకం పెట్టి, అదే చోట అంటించండి. మూడు నెలలూ ఉండాలి."

"ఏంటమ్మా ఇది, ఇంత పట్టుదలా!"

"మీరు రాసే దాకా నేను ఈ మెట్టు మీదే కూర్చుంటా. నాకేం తొందర లేదు. రిటైరయ్యాను."

నిజంగానే కూర్చుంది. పది నిమిషాలకి మొగుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత పక్కింటావిడ. కాసేపటికి ఆ మెట్టు, దాని కింది మెట్టు నిండిపోయాయి. ప్రెసిడెంటు గంట లోపలే కాగితం పట్టుకొచ్చాడు. ల్యాబక్క చదివి, "‘పొరపాటున’ అన్న మాట చాలు, ‘బహుశా’ తీసెయ్యండి," అంది. తీసేశాడు. తర్వాతి సమావేశంలో ప్రెసిడెంటు పదవికి ఇంకొకరిని ఎన్నుకున్నారు. ఆవిడని నిలబడమన్నా నిలబడలేదు. తన పని తనకుందంది.

ఆ పని అంతా సవ్యంగా సాగిందనీ కాదు. మొదటి వేసవిలో నీళ్లు వేడెక్కి, అరచేతంత పెరిగిన పగడం ఒకటి రెండు రోజుల్లో తెల్లబారి చచ్చిపోయింది. ఆవిడ రెండు పూటలు అన్నం ముట్టలేదు. పుస్తకంలో "నా తప్పు. ఫ్యాను ముందే పెట్టాల్సింది" అని రాసి, తొట్టి పైన రెండు ఫ్యాన్లు బిగించింది. మిగతావి నిలబడ్డాయి. రెండేళ్లలో రాళ్లు కనబడనంతగా అల్లుకున్నాయి.

జంట చేపలు రాతి మీద నారింజ రంగు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. ఆ పిల్లల్ని ఇళ్లలో పెంచడం జరిగే పని కాదని తెలిసినవాళ్లందరూ చెప్పారు. ల్యాబక్క విన్నట్టు తల ఊపి, వంటింటి కిటికీ కింద చిన్న తొట్టి పెట్టింది. పిల్లల తిండికోసం ఆకుపచ్చ నీళ్ల సీసాల్లో కంటికి ఆనని పురుగుల్ని పెంచింది. మొదటి విడత రెండోరోజుకే పోయాయి. రెండో విడత అయిదోరోజుకి. మూడో విడత ఎనిమిదో రోజుదాకా వచ్చి పోయాయి. "ఇంక చాలే," అన్నాడు మొగుడు. "ఎనిమిది రోజులు వచ్చాయిగా," అంది ఆవిడ, సీసాలు కడుగుతూ.

నాలుగో విడత పదో రోజు దాటింది. పన్నెండో రోజు పొద్దున, కొత్తిమీర గింజంత ఒంటి మీద ఒక్కోదానికి ఒక్కో తెల్ల పట్టీ కనబడింది. ఇద్దరూ తొట్టికి చెరోవైపు వంగి లెక్కపెట్టారు.

"పది," అన్నాడాయన.

"పదకొండు."

"అవి కదలకుండా ఉంటేగా. నేను మూడుసార్లు చూశా, పదే."

"ఆ గొట్టం వెనకొకటి నక్కి ఉంది. కళ్లజోడు పెట్టుకుని చూడండి."

ఆయన కళ్లజోడు వెతుక్కోవడానికి హాల్లోకి వెళ్లాడు. ఆవిడ పుస్తకం తెరిచి, తేదీ వేసి, పదకొండు అని రాసింది.